పాలపళ్ళ సంరక్షణ: ఇబ్నె సీనా ఉపదేశం

ఇబ్నె సీనా (980–1037) వైద్య మహాగ్రంథం 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' సుమారు 1025లో పూర్తయింది. పసిబిడ్డల పళ్ళ ప్రస్తావన దాని మొదటి సంపుటంలోనే, శిశుపోషణ ప్రకరణంలో వస్తుంది. పాలపళ్ళ రక్షణను ఆయన చికిత్సకు మాత్రమే వదలక, ఆరోగ్య పరిరక్షణలో భాగంగా భావించారన్నమాట.

ముందుపళ్ళు కనిపించగానే పాలతోపాటు ఇతర ఆహారాన్ని క్రమక్రమంగా అలవాటు చేయాలనీ, గట్టి పదార్థాలు నమలనివ్వరాదనీ ఆయన బోధించారు. వేళ్ళు కొరుక్కునే బిడ్డకు అతిమధురం వేరు ఇవ్వమన్నారు. తొలి ఆహారంగా మాత్రం దాది నమిలిన రొట్టెను, ఆపైన తేనెనీటితో రొట్టెను సూచించారు.

12వ శతాబ్దంలో క్రెమోనాకు చెందిన గెరార్డ్ టోలెడోలో ఈ గ్రంథాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. శతాబ్దాల తరబడి ఐరోపా వైద్య విద్యార్థులు సైతం దీనిని పఠించారు.

నోటిలోని సూక్ష్మజీవులు తీపి, పిండి పదార్థాలను పులియబెట్టి పుట్టించే ఆమ్లమే పంటిని కరిగిస్తుందని 1890లో విలోబీ మిల్లర్ వివరించాడు. ఆ సూక్ష్మజీవులు పెద్దల లాలాజలం ద్వారా బిడ్డ నోటికి చేరతాయని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. కనుక నమిలిన ముద్ద పెట్టరాదు. ఏడాదిలోపు శిశువుకు తేనె ప్రాణాపాయం కూడా కావచ్చు.

ఈ రెండింటినీ విడనాడటం ఆ మహావైద్యుని అగౌరవపరచడం కాదు. ఆయన కూడా గాలెన్‌ను శ్రద్ధగా చదివి, అవసరమైనచోట విభేదించినవారే. పంటి సంరక్షణ తొలిపంటితోనే మొదలుకావాలన్న మూలసూత్రం మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు.