పదవి వదలినవారి పత్రములు

రాజ్యతంత్రమున నున్నతపదవి నధిష్ఠించి దిగిపోయినవాని యింట రాజ్యరహస్యపత్రములు నిలిచియున్నవని తెలియవచ్చినప్పుడు, తరువాతి ప్రభుత్వమువారు భటులను బంపి యా యిల్లు శోధింపవచ్చునా? 2022 వ సంవత్సరము ఆగస్టు 8 వ తేదీని అమెరికా సంయుక్తరాష్ట్రములలోని ఫ్లోరిడాయందు, మాజీ యధ్యక్షుఁడుగ నుండిన డొనాల్డు ట్రంపుగారి మార్-ఎ-లాగో భవనమున జరిగిన సోదా మూలమున నీ ప్రశ్న లోకమంతట మాఱుమ్రోగెను. ఆ దేశచరిత్రమున మాజీ యధ్యక్షుని గృహము నీ రీతిగ శోధించుట యదియే ప్రథమము. ఉభయపక్షములవారి కోపతాపములు పత్రికలలో వలసినంత కలవు. వానిని మరల వల్లించుట యీ వ్యాసమునకుఁ బని కాదు. ప్రశ్న క్రొత్తది కాదనియు, ఆంగ్లేయ న్యాయచరిత్రమున దీనికి దాదాపు నాలుగువందల యేండ్ల పూర్వకథ కలదనియు, ఆ పూర్వకథ తెలియనిదే నేఁటి వివాదమున మంచిచెడ్డలు నిర్ణయించుట మూలము చూడక వ్యాఖ్య వ్రాయుటవంటి దనియు నా తలంపు.

సర్ ఎడ్వర్డు కోకు (ఆ దేశీయు లీ పేరును 'కుక్' అని పలుకుదురు) 1552 లో జన్మించెను. 1606 లో సామాన్యవ్యవహారముల ధర్మాసనమునకును, 1613 లో రాజధర్మాసనమునకును బ్రధానన్యాయాధిపతియై, రాజును జట్టమునకు లోఁబడినవాఁడే యని పట్టుపట్టినవాఁ డగుటచే 1616 లో మొదటి జేమ్సు రాజుచేఁ బదవినుండి తొలఁగింపఁబడెను. పిమ్మట నాయన ప్రజాప్రతినిధిసభలోఁ బ్రవేశించి యచట నాయకుఁ డయ్యెను. 1621 వ సంవత్సరాంతమున నాయనను లండను దుర్గమునఁ జెఱనుంచినపుడే యాయన పత్రములకు ముద్రలు వేసి పరీక్షించిరి. 1628 లో హక్కుల విజ్ఞాపనమును సభచే నామోదింపఁజేసినవారిలో నాయన ముఖ్యుఁడు. ఇట్టివాఁడు మాగ్నా కార్టా యను మహాశాసనమునకు వ్యాఖ్య వ్రాయుచున్నాఁడని 1631 లో మొదటి చార్లెసు రాజునకుఁ దెలిసెను. జనులు కోకు మాటను వేదవాక్యముగఁ గొందురు. కావున నా పొత్తము వెలువడరాదని రాజు తలంచెను.

1634 సెప్టెంబరు మొదట, ఎనుబదిరెండేండ్ల వృద్ధు కోకు స్టోక్ పోజెసు గ్రామమున తన యింట మరణశయ్యపై నుండఁగా, ప్రభుత్వకార్యదర్శి యగు సర్ ఫ్రాన్సిసు విండిబాంకు రాజసలహాసభవారి యుత్తరువుతో రాజద్రోహకరములగు వ్రాఁతలను వెదకుటకై వచ్చెను. ఆ నెల 3 వ తేదీని కోకు కాలధర్మము నొందెను. లండనులో నాయన యుండెడి గదులును శోధింపఁబడెను. దొరకినవి యెవ్వి? ఆయన జీవితకాలమునఁ గూర్చిన న్యాయశాస్త్రగ్రంథముల వ్రాఁతప్రతులు, తీర్పుల సంగ్రహములు, కుటుంబపత్రములు. తీసికొనిపోఁబడినవానిలో నాయన మరణశాసనమును గలదనియు, నది మఱి యెన్నఁడును గనఁబడలేదనియు నాయన మనుమఁడు రోజరు కోకు వ్రాసియున్నాఁడు.

కాలచక్రము తిరిగెను. 1640 లో క్రొత్తసభ సమావేశమైనంతనే విండిబాంకు ఫ్రాన్సునకుఁ బాఱిపోయెను. కోకు వారసుఁడు పత్రములను మరలఁ గోరఁగా సభవారు తెప్పించి యిచ్చిరి. 1641 మే 12 వ తేదీని ఆ వ్యాఖ్యను ముద్రింపవలసినదని సభవా రాజ్ఞాపించిరి. రాజునకుఁ గుడిభుజమై యుండిన స్ట్రాఫర్డు శిరస్సు తెగినదియు నా దినముననే. మాగ్నా కార్టా వ్యాఖ్య గల రెండవ 'ఇన్‌స్టిట్యూట్సు' సంపుటము 1642 లో వెలువడెను. నేఁటికిని న్యాయవాదులు పఠించెడి యా గ్రంథము ఏడేండ్లు రాజకీయపు మూటలలో మ్రగ్గిన దన్నమాట.

ఈ శోధన యన్యాయమని చెప్పుటకు సందేహింపఁ బనిలేదు. అందులకుఁ గారణము కోకు మహనీయుఁ డగుట కాదు. మహనీయులును దప్పులు చేయుదురు. ఏ పత్రము కావలెనో పేర్కొనకయే యిల్లంతయు వెదకిరి. ఉత్తరువు నిచ్చినవారును, ఆ వ్రాఁతలకు వెఱచినవారును నొక్కరే, నడుమ నుభయులకుం జెందని న్యాయాధికారి లేఁడు. అన్నిటికంటె ముఖ్యముగ, నా పత్రములు రాజ్యమువి కావు, కోకు స్వయముగ రచించినవి. నేఁటి ప్రశ్నకును గోకు కథకును గల భేద మీ మూఁడవ యంశమునఁ గలదు. మార్-ఎ-లాగో సోదాను ఖండించుటకుఁ గోకును దృష్టాంతముగఁ జూపువారు దీనిని మఱచుచున్నారు.

ఇంతకంటెఁ జిక్కుగలది సర్ రాబర్టు కాటను కథ. ఈయన పదవి వదలిన నాయకుఁడు కాఁడు, గ్రంథసంగ్రాహకుఁడు. ఐనను బ్రకృతమునకు మిక్కిలి దగ్గఱివాఁడు. ఆ కాలమున మంత్రులును రాయబారులును బదవి విడుచునపుడు తమ చేతిమీఁదుగ నడచిన సంధిపత్రములను, జాబులను స్వంతసొత్తువలె నింటికిఁ గొనిపోవుచుండిరి. చనిపోయిన పిమ్మట వారి సంతతివా రమ్ముకొందురు, లేదా యెలుకల కప్పగింతురు. రాజపత్రభాండార మొకటి 1578 నుండి కలదు గాని, దాని యలమారులలోఁ గంటెఁ గాటను నింటనే మేలైన పత్రము లుండెనని ప్రతీతి. భాండారపాలకుఁడగు సర్ టామసు విల్సను ఈ మాటయే చెప్పి మొఱపెట్టుకొనెను. సభానాయకులు రాజుతో వాదింపవలసినప్పుడెల్లఁ బూర్వశాసనములకై కాటను నింటికే పోవుచుండిరి. రాజునకుఁ గంటగింపు కలుగుట సహజము.

1629 లో నొక చిన్న వ్రాఁతప్రతి చేతులు మాఱుచు బయటఁబడెను. సభ నెట్లు లోఁగొనవలెనో రాజునకు బోధించు నా రచన ఫ్లారెన్సు నగరమున నుండిన సర్ రాబర్టు డడ్లీ 1614 లో వ్రాసి పంపినది; దాని మాతృక కాటను గ్రంథాలయమునఁ గలదని తేలెను. వెంటనే గ్రంథాలయమునకు ముద్రలు వేసిరి. కాటను మరల నందు స్వేచ్ఛగ నడుగుపెట్ట నోఁచుకొనక 1631 లో మృతినొందెను. ఆ తాళమే తన గుండె పగులఁగొట్టిన దని యాయన స్నేహితులతోఁ జెప్పుకొనె నని సమకాలికుఁడగు సైమండ్సు డ్యూసు వ్రాసెను.

కాటను నింటి పత్రములలోఁ బెక్కు నిజముగ రాజ్యమునకుఁ జెందినవే. ఆ పత్రములను బేరుపేరున నడిగి తెచ్చుకొనియున్నచో రాజును నిందింప నవకాశము లేదు. అట్లు కాక, యొక్క చిన్నపొత్తమును మిషగఁ గొని వేలకొలఁది ప్రతులకుఁ దాళము వేయుటయే దోషము. మఱియొక సంగతి. ఆ పత్రములు కాటను చేతఁ బడకున్నఁ బెక్కు నశించియుండెడివి. 1702 లో నా సంగ్రహము ప్రజలసొత్తయ్యెను. 1731 అక్టోబరు 23 వ తేదీని ఆష్‌బర్న్‌హాము గృహమున నగ్నిప్రమాదమునఁ గొంత భస్మమై, మిగిలినది 1753 లో బ్రిటిషు మ్యూజియమునకు మూలద్రవ్య మయ్యెను. సర్కారువారి చేతఁ బడిన మాత్రమునఁ బత్రములు పదిలమని తలంపరాదనుట కిదియే తార్కాణము.

మనకును ఈ వివాద మెఱుఁగనిది కాదు. కౌటిల్యుఁడు అర్థశాస్త్రద్వితీయాధికరణమున అక్షపటలమును నిర్మింపుమనియు, నందు నిబంధపుస్తకముల కుచితస్థాన మేర్పఱుపుమనియు విధించెను. ఐనను మన గ్రామములలోఁ గరణములు దండకవిలెలను దరతరములుగఁ దమ యిండ్లనే పదిలపఱచిరి. మెకంజీగారి కైఫీయతులలోఁ బెక్కింటి కా కవిలెలే యాధారము. 1984 లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కరణీకము మున్నగు గ్రామాధికారములను రద్దుచేసినపుడు, కవిలె కరణానిదా సర్కారుదా యను ప్రశ్నయే వేఱు వేషమున మన గడపకు వచ్చెను.

ఇఁక పదునెనిమిదవ శతాబ్దమును సంక్షేపించెదను. 1763 లో సభ్యుఁడగు జాన్ విల్క్సు నింటిపైఁ బడి, పేరు లేని సామాన్యాజ్ఞాపత్రముతో నాయన కాగితములన్నియు మూటగట్టి కొనిపోయిరి. ఆయన వ్యాజ్యెము వేసి వేయి పౌనుల పరిహారము గెలిచెను. జాన్ ఎంటికు నింట 1762 నవంబరులో నాలుగు గంటలు తాళములు విఱుగఁగొట్టి వెదకినందులకు 1765 లో లార్డు కామ్డెను తీర్పు చెప్పుచు, రాజ్యావసరమను మాట చట్టము కాఁజాలదనియు, శోధనాధికారమును జట్టమునఁ జూపనిదే యది యతిక్రమణమే యనియు నిర్ణయించెను. ఈ తీర్పులు సముద్రము దాఁటి, అమెరికా రాజ్యాంగమునకుఁ జేసిన నాలుగవ సవరణకు దారిచూపెను. 1791 నుండి యమలులో నున్న యా సవరణముచొప్పున, ప్రమాణపూర్వకముగఁ దగిన కారణము చూపి, వెదకవలసిన తావును, పట్టవలసిన వస్తువులను బ్రత్యేకముగఁ బేర్కొన్నఁగాని వారంటు జారీ కారాదు.

అమెరికాలో మొదట నధ్యక్షుల పత్రములు వారి స్వంతసొత్తే. వాషింగ్టను తన కాగితములను మౌంట్ వెర్ననునకుఁ గొనిపోయెను. లింకను పత్రములను గుమారుఁడు రాబర్టు తాను మరణించిన 21 ఏండ్లవఱకుఁ దెఱవరాదని నిర్బంధించుటచే నవి 1947 జూలై 26 వ తేదీకిఁ గాని వెలుఁగు చూడలేదు. ఈ యాచారమునకు భంగము కలిగించినవాఁడు నిక్సను. 1974 ఆగస్టు 9 వ తేదీని పదవి వదలిన నెల తిరుగకముందే యాయన ప్రభుత్వాధికారితోఁ జేసికొన్న యొడంబడికచొప్పున, ఆయన సంభాషణల ధ్వనిముద్రికలు చివరకు నాశనము కావలసియుండెను. శాసనసభ యా సంవత్సరముననే చట్టము చేసి యడ్డుపడెను. 1977 లో నున్నతన్యాయస్థానము దానిని సమర్థించెను. 1978 నాఁటి చట్టముచే, 1981 జనవరి 20 వ తేదీనుండి యధ్యక్షుల యధికారపత్రములు సంపూర్ణముగ రాజ్యపుసొత్తయ్యెను. దినచర్యలు మున్నగు స్వకీయపత్రములు మాత్రము వారివే. కాటను కాలమున లేని స్పష్టత దీనితో నేర్పడెను.

ఈ ప్రమాణములతో మార్-ఎ-లాగో సోదాను బరీక్షింతము. రాజ్యపత్రభాండారమువారు 2021 మే నుండి పత్రముల నడుగుచుండిరి. 2022 జనవరిలో 15 పెట్టెలు తిరిగివచ్చెను. అందు రహస్యముద్ర గలవి 184 పత్రము లుండెను. మే 11 వ తేదీని మిగిలినవి యప్పగింపుఁడని న్యాయస్థానముద్వారా తాఖీదు పోయెను. జూన్ 3 వ తేదీని 38 పత్రము లొప్పగించి, శ్రద్ధతో వెదకితిమి, మఱి లేవని వ్రాసియిచ్చిరి. పిమ్మట నింకను గలవని సాక్ష్యము దొరకఁగా, ఆగస్టు 5 వ తేదీని మేజిస్ట్రేటు వారంటు జారీచేసెను. 8 వ తేదీని శోధింపఁగా రహస్యముద్ర గలవి నూఱింటికిఁ బైగా బయలుపడెను. వారంటును, పట్టిన వస్తువుల పట్టికయు 12 వ తేదీని బ్రకటింపఁబడెను. అడుగుట, ఆజ్ఞాపించుట, అటుపిమ్మట శోధించుట యను క్రమమిందుఁ గలదు. విండిబాంకు చేసిన దిది కాదు. పత్రములు రాజ్యమువి, కోరినది న్యాయాధికారిచేఁ బరీక్షింపఁబడినది, తావు పేర్కొనఁబడినది. కావున నీ సోదా న్యాయ్యమే యని నా నిర్ణయము.

ఆక్షేపణములలో బలముగలవియుఁ గలవు. అధ్యక్షుఁడు తాను రహస్యత్వమును దొలఁగింపఁగలఁడు గావున నవి రహస్యములు కావను వాదము నిలువదు: వారంటునఁ బేర్కొన్న చట్టము లా ముద్రపై నాధారపడవు. క్లింటను ధ్వనిముద్రికల విషయమున 2012 లో న్యాయస్థానము జోక్యము చేసికొనలేదు గదా యనిన, అవి యొక చరిత్రకారునితోడి సంభాషణలు. భాండారమువా రడిగినవి కావు. కాని వారంటులో నా నాలుగేండ్ల పాలనమునఁ బుట్టిన రాజ్యపత్రము లెవ్వియైనఁ బట్టవచ్చునని వ్రాసియుండుట చాల విశాలము. కామ్డెను చూచియున్నచో నా వాక్యముకడ గంటము నిలిపియుండును. రాహదారిపత్రములను గూడఁ గొనిపోయి పిదప మరల నిచ్చుట యా విశాలత్వపు ఫలమే. వారంటు కోరుట కనుమతించినది తానే యని ధర్మశాఖాధిపతి గార్లాండు ప్రకటించెను. ఆయన ట్రంపును నోడించిన యధ్యక్షునిచే నియమింపఁబడినవాఁడు. ఈ శంక యెంత విధి పాటించినను బూర్తిగఁ దొలఁగునది కాదు. కోకు నాఁటినుండియు నుత్తరువు నిచ్చువాఁ డెవ్వఁడని జనులు మొదట నడుగుచునే యున్నారు.

పక్షపాతమన్నవారికి మఱి రెండు గృహములు చూపవచ్చును. 2023 జనవరి 20 వ తేదీని అప్పటి యధ్యక్షుఁడు బైడెను స్వగృహమును, ఫిబ్రవరి 10 వ తేదీని మాజీ యుపాధ్యక్షుఁడు పెన్సు గృహమును అదే శాఖవారు శోధించిరి. రెండింటను బత్రములు దొరకెను. వారు సమ్మతించిరి గనుక వారంటు కావలసిరాలేదు. వారిపై నభియోగములు లేకపోవుటను గూర్చి వాదింపవచ్చును గాని, శోధనవిషయమున వ్యత్యాసము సమ్మతియే.

తరువాతి కథ స్వల్పము. 2023 జూన్‌లో నభియోగము నమోదయ్యెను. 2024 జూలై 15 వ తేదీని, ప్రత్యేకాభియోక్త నియామకమే చెల్లదని జిల్లా న్యాయాధిపతి దానిని గొట్టివేసెను. నవంబరులో ట్రంపు మరల నెన్నికయైన పిమ్మట నాయనపై నప్పీలును ప్రభుత్వమువారు విరమించుకొనిరి. 2025 జనవరి 20 వ తేదీని ఆయన తిరిగి పదవి నధిష్ఠించెను. ఫిబ్రవరి 28 వ తేదీని, సోదాలోఁ గొనిపోయిన పెట్టెలు తనకు మరల వచ్చినవని ప్రకటించెను. కోకు కాగితములను మరల నిప్పించినది ప్రజాసభ. ఈ పెట్టెలను మరలఁ బంపినది పెట్టెల యజమానుఁడే యధిపతిగాఁ గల ప్రభుత్వము. వానిలో నెవ్వి స్వకీయములో, యెవ్వి రాజ్యమువో తేల్చు తీర్పు మాత్ర మా వ్యాజ్యెమున వెలువడలేదు.