చేప పోయింది, బొమ్మ మిగిలింది

తిరుమలగిరి, కోదాడ, మిర్యాలగూడల్లో ఇంటర్ బైపీసీ చదివే పిల్లలకు జువాలజీ రికార్డు పెద్ద పని. పెన్సిల్ సన్నగా చెక్కుకుని, బొద్దింక నోటి భాగాలో వానపామో గీసి, పక్కకు గీతలు లాగి పేర్లు రాయాలి. మార్కుల కోసం చేసే పనిలాగే కనిపిస్తుంది. కానీ జంతువును తెలుసుకోవాలంటే దాన్ని గీయాలన్న ఈ పద్ధతికి తెలుగు నేల మీద రెండు వందల ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. అందులో ఎక్కువ భాగం విశాఖపట్నం ఒడ్డున జరిగింది.

ప్యాట్రిక్ రస్సెల్ స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు. సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగులకు వైద్యం చేసి పేరు తెచ్చుకున్నాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న సోదరుడు క్లాడ్ వెంట 1781లో మన దేశానికి బయలుదేరి విశాఖపట్నం చేరాడు. అప్పటికే ఆయనకు యాభై దాటాయి. 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో యోహాన్ కోనిగ్ మరణించడంతో, మద్రాసు ప్రభుత్వంలో ఆయన చూస్తున్న ప్రకృతి శాస్త్రవేత్త పని రస్సెల్‌కు అప్పగించారు. ముఖ్యంగా మొక్కలు చూడాల్సిన ఉద్యోగమది. రస్సెల్ మనసు మాత్రం పాముల మీదికి పోయింది. పాము కరిచిందని మనిషిని మోసుకొస్తే, కరిచింది విషపు పామో కాదో తేల్చి చెప్పగల వైద్యుడు లేడు. ఒక ఊళ్లో తెలుసుకున్నది ఇంకో ఊరి వైద్యుడికి చేరాలంటే మాటలు చాలవు, బొమ్మ కావాలి.

అందుకే ఆయన దొరికిన ప్రతి పామునూ గీయించాడు. పొట్ట కింది పలకలు ఎన్ని, తోక కింద ఎన్ని, కోరలున్నాయా లేవా అన్నవన్నీ లెక్కపెట్టి రాశాడు. కుక్కల మీద, కోళ్ల మీద విషం ఎలా పనిచేస్తుందో పరీక్షించాడు. పాములకు ఆయన కొత్త పేర్లేవీ వెతకలేదు, ఇక్కడివాళ్ల నోట విన్నవే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అలా రాసుకున్నవాటిలో ఒకటి ‘కాటుక రేకుల పొడ’. సూర్యాపేట వైపు పొలాల్లో అందరూ భయపడే రక్తపింజర అదే. వీపు పొడవునా గొలుసులా సాగే గోధుమరంగు మచ్చలు, ఒక్కో మచ్చకు కాటుక దిద్దినట్టు నల్లటి అంచు. ఆ పేరు పెట్టినవాళ్లెవరో పామును ఎంత దగ్గరగా చూశారో ఆ ఒక్క మాటే చెబుతుంది. నాగుపాము తర్వాత అంత ప్రమాదకరమైనది ఇదేనని రస్సెల్ గుర్తించాడు.

కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. మరుసటి ఏడే షా, నాడర్ అనే ఇద్దరు రక్తపింజర శాస్త్రీయ నామంలో రస్సెల్ పేరు చేర్చారు. కట్లపాము ప్రజాతికి 1803లో ఫ్రాన్స్‌లో దోదాఁ పెట్టిన ‘బంగారస్’ అన్న పేరు కూడా ఆ పుస్తకంలోని ‘బంగారం పాము’ నుంచి పుట్టిందే.

చేపల సంగతి ఇంకా గొప్పది.

విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు రెండు సంపుటాలుగా 1803లో వెలువడ్డాయి. ఆ బొమ్మలు గీసింది భారతీయ చిత్రకారుడే. చేపను గీయడం ఓపికతో కూడిన పని. మన ఎండకు ఒడ్డున పడిన చేప రంగు గంటల్లోనే మారిపోతుంది. రెక్కలు ముడుచుకుంటే వాటిలోని ముళ్లు లెక్కకు అందవు, కాబట్టి విప్పి ఉంచి గీయాలి. ఒంటి పక్కన మొప్పల నుంచి తోక దాకా సాగే సన్నని గీత ఎక్కడ వంగిందో, ఎక్కడ తిన్నగా సాగిందో చూడాలి. ఒక్క ముల్లు తక్కువ వేసినా అది ఇంకో చేప అయిపోతుంది. అందం కోసం ఒక గీత ఎక్కువ పెట్టడానికి కూడా వీల్లేదు.

ఆ పుస్తకంలో నల్ల చందువ ఉంది, తెల్ల చందువ ఉంది, తళతళలాడే సావడ ఉంది. 136వ బొమ్మ కానాగుర్త. బజారులో గంపల కొద్దీ అమ్ముడుపోయే ఈ చేపను ఫ్రెంచి శాస్త్రవేత్త కువ్యే తన గ్రంథంలో చేర్చుకుని దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. పెట్టింది ఆ తెలుగు మాటే. ఇప్పటికీ ఎర్ర సముద్రం నుంచి ఇండోనేషియా దాకా ఏ దేశపు శాస్త్రవేత్త అయినా దాన్ని ‘రాస్ట్రెల్లిగర్ కనగుర్త’ అనే రాస్తాడు. కొత్త జాతికి పేరు పెట్టినప్పుడు ఒక అసలు నమూనాను సీసాలో భద్రపరచడం రివాజు. కానాగుర్తకు అలాంటి సీసా ఏదీ లేదు. ఆ పేరుకు ఆధారం విశాఖపట్నంలో గీసిన ఆ బొమ్మే. రెక్క ముల్లు సరిగ్గా లెక్కపెట్టి గీసిన చేతికి ఇంతకన్నా పెద్ద ప్రశంస ఉండదు. చేప పేరు లోకమంతా తిరిగింది, గీసినవాడి పేరు మాత్రం ఆ పుస్తకం అట్ట మీదికి ఎక్కలేదు. ఇది చిన్న లోటు కాదు.

అదే కాలంలో సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ చిత్రకారులను పెట్టుకుని మొక్కలు గీయించాడు. ఆయన గీయించిన బొమ్మలు చివరికి రెండున్నర వేలు దాటాయి. ఆ పనిలోనూ పేర్లు మిగిలింది దొరలవే.

సముద్ర జీవుల బొమ్మలకు రెండో మంచి కాలం వాల్టర్ ఎలియట్‌తో వచ్చింది. అమరావతి శిల్పాలను తవ్వి మద్రాసుకు తరలించినవాడిగా ఆయన తెలుగువాళ్లకు తెలుసు. 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కారులకు కమిషనర్‌గా ఉంటూ, వాల్తేరులో రాళ్ల మధ్య దొరికే జీవులను పట్టించి బతికి ఉండగానే గీయించేవాడు. వాటిలో గుల్ల లేని సముద్రపు నత్తలు ప్రత్యేకం. నీటిలో ఉన్నంతసేపే వాటి అందం. సారాయిలో వేస్తే రంగు పోతుంది, ఒళ్లు ముద్దగా ముడుచుకుపోతుంది. ఏ శాస్త్రవేత్త చూసినా ఒక బూడిదరంగు ముద్దే మిగులుతుంది. స్థానిక చిత్రకారుడు వేసిన రంగుల బొమ్మలు లేకపోతే అవి ఎలా ఉండేవో ఇంగ్లండులో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ నమూనాలనూ బొమ్మలనూ ముందుపెట్టుకుని న్యూకాసిల్‌కు చెందిన ఆల్డర్, హాన్‌కాక్ 1864లో లండన్ జువలాజికల్ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసం ప్రకటించారు. తెల్లటి ఒంటి మీద ఎర్రటి బుడిపెలున్న ఒక నత్తకు ‘కళింగ ఆర్నాటా’ అని పేరు పెట్టారు. ఈ తీరం పాత పేరు అలా ఒక సముద్ర జీవికి దక్కింది.

గీసినవాళ్ల పేర్లు మిగిలిన సందర్భాలూ లేకపోలేదు. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన వృక్ష శాస్త్రవేత్త రాబర్ట్ వైట్ దగ్గర 1820ల నుంచి 1850ల దాకా రంగయ్య, ఆయన తర్వాత గోవిందు బొమ్మలు వేశారు. ఇద్దరూ తెలుగువాళ్లు. వైట్ ఆరు సంపుటాల్లో రెండు వేల నూట ఒక్క మొక్కల బొమ్మలు అచ్చువేశాడు. చిత్రకారుల పేర్లు దాచలేదు. 1853లో ఒక కొత్త ఆర్కిడ్ ప్రజాతికి ఏకంగా ‘గోవిందూయియా’ అని పేరు పెట్టాడు. ఆ తర్వాతి శాస్త్రవేత్తలు ఆ ప్రజాతిని ‘ట్రోపిడియా’లో కలిపేశారు. గోవిందు పేరు ఇప్పుడు పాత పర్యాయపదాల వరుసలో ఉంది. ఎడిన్‌బరో బొటానిక్ గార్డెన్‌లో ఉన్న ఈ ఇద్దరి బొమ్మల మీద హెన్రీ నోల్టీ పరిశోధించి 2007లో పుస్తకాలు తెచ్చాడు. రంగయ్య, గోవిందు పేర్లు వాటి అట్టల మీదే ఉన్నాయి.