పావగడ నల్లకుక్క ఎవరిది?

మన తాలూకాలో నల్లకుక్క ఎదురైతే శని పేరు ఎత్తేవాళ్లు పెరిగారు. శనిమహాత్మ గుడికి ఇటు బెంగళూరు నుంచీ అటు అనంతపురం, హిందూపురాల నుంచీ జనం వస్తారు. వాళ్లతో పాటు వాళ్ల నమ్మకాలూ వస్తాయి. శనివారం నాడు నల్లకుక్కకు నూనె రాసిన రొట్టె పెడితే ఏలినాటి శని పీడ తగ్గుతుందన్నది వాటిలో ఒకటి. మూగజీవానికి తిండి దొరకడం మంచిదే. దాని వెనకాలే వచ్చే మాట మాత్రం మంచిది కాదు: నల్లకుక్క కీడుకు గుర్తని, చీకట్లో అడ్డమొస్తే అపశకునమని. దీనికి షెర్లాక్ హోమ్స్ కథల పుణ్యాన, సినిమాల పుణ్యాన ఇంగ్లండు దెయ్యపు కుక్క కూడా తోడైంది. ఈ రెండూ కలిస్తే కోట కొండ నీడన ఉన్న మన ఊరికి రేపు ఒక దెయ్యపు కుక్క పుట్టుకొస్తుంది, ఎల్లుండి అదే చరిత్ర అయి కూర్చుంటుంది. ఈ నేలమీద నల్లకుక్క భైరవుడిది. దాని పని కాపలా. శనికి దాన్ని అంటగట్టడం తర్వాతి మాట, దెయ్యంగా మార్చడం పరాయి మాట. నా వాదన ఇంతే. ఎందుకో చెబుతాను.

ముందు ఇంగ్లండు సంగతే చూద్దాం, ఎందుకంటే కాగితం ఎక్కిన మాట ఎలా ఊరి నమ్మకమవుతుందో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 1577 ఆగస్టు 4, ఆదివారం. సఫక్ ప్రాంతంలోని బంగే అనే ఊళ్లో జనం చర్చిలో ప్రార్థనలో ఉండగా పెద్ద గాలివాన, పిడుగులు. ఆ గాలివానలో ఒక నల్లకుక్క చర్చిలోకి దూసుకొచ్చి మోకరిల్లి ఉన్న ఇద్దరి ప్రాణం తీసిందనీ, అదే రోజు బ్లైత్‌బరో చర్చిలోనూ కొందరిని చంపిందనీ ఏబ్రహాం ఫ్లెమింగ్ అనే రచయిత చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఆయన అక్కడ ఉండి చూసినవాడు కాదు, లండనులో కూర్చుని రాసినవాడు. బంగే చర్చి లెక్కల పుస్తకంలో ఆ గాలివాన ఉంది, గంటల గోపురంలో చనిపోయిన ఇద్దరి ప్రస్తావన ఉంది. కుక్క మాత్రం లేదు. పిడుగు పడి మనుషులు పోవడం జరిగిన సంగతి; దేవుడి ఆగ్రహాన్ని బోధించాలనుకున్న ఒక కలం దానికి కుక్కను తగిలించింది. ఇప్పుడు ఆ ఊరి వీధి మధ్య గాలి దిక్కు చూపే రేకు మీద పిడుగూ నల్లకుక్కా ఉన్నాయి. బ్లైత్‌బరో చర్చి తలుపు మీది కాలిన మచ్చల్ని ఆ కుక్క గోళ్ల గుర్తులని చూపిస్తారు. బ్లాక్ షక్ అన్న పేరుతో ఇప్పుడు లోకమంతా వినే కథకు అందరూ ముందుగా చూపించే సాక్ష్యం ఆ చిన్న పుస్తకమే.

అయితే బ్రిటిష్ దీవుల నల్లకుక్కలన్నీ ఫ్లెమింగ్ కుక్కలు కావు. మన వాదనకు బలం వచ్చేది ఇక్కడే. అక్కడి పల్లెల్లో ఒక పాత నమ్మకం ఉంది: శ్మశానంలో మొదట పాతిపెట్టిన ప్రాణి ఆ శ్మశానానికి ఎప్పటికీ కాపలా కాయాలి. మనిషి ఆత్మకు ఆ బరువు పడకూడదని ముందుగా ఒక నల్లకుక్కను పాతిపెట్టేవారట. చర్చి గ్రిమ్ అనే ఆ కుక్క పని జనాన్ని బెదిరించడం కాదు, సమాధుల జోలికి వచ్చే దుష్టశక్తుల్ని తరమడం. లింకన్‌షైర్ పల్లెల్లో తిరిగి ఈ కథలు సేకరించిన ఎథెల్ రడ్కిన్ 1938లో అచ్చువేసిన వ్యాసంలో నల్లకుక్క చాలావరకు సాధువైనదే, చీకట్లో ఒంటరిగా నడిచే ఆడవాళ్లకు తోడుగా వచ్చేదే. ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని పీల్ కోట కథ ఇంకా ఆసక్తికరం. 1731లో అచ్చయిన జార్జి వాల్డ్రన్ పుస్తకంలో ఉంది అది. రోజూ చీకటి పడగానే ఒక నల్లని జూలుకుక్క సిపాయిల గదిలోకి వచ్చి నిప్పు దగ్గర పడుకునేది. సిపాయిలు దానికి అలవాటుపడ్డా, కోట తలుపు వేశాక తాళాలు అధికారికి అప్పగించడానికి ఆ దారిన ఒంటరిగా మాత్రం వెళ్లేవాళ్లు కాదు. ఒక రాత్రి తాగిన మైకంలో ఒకడు తాళాలు పట్టుకుని ఒక్కడే వెళ్లాడు. తిరిగొచ్చాక నోట మాట లేదు, మూడు రోజులకు ప్రాణం పోయింది. కథ ఎంత నమ్మొచ్చు అన్నది వేరే సంగతి. కోట, మూసిన తలుపు, తాళాలు, రాత్రి, నల్లకుక్క: ఈ అయిదూ ఒకచోట చేరడం గమనించండి.

ఇప్పుడు మన వైపు రండి. దక్షిణాది శివాలయాల్లో చాలాచోట్ల రాత్రి తలుపులు మూశాక తాళాలు భైరవుడి ముందు పెట్టే ఆచారం ఉంది. ఈశాన్య మూలన నిలబడే ఆయన క్షేత్రపాలకుడు, పక్కన కుక్క. కాశీకి కాలభైరవుడు కొత్వాలు. శ్రీనాథుడు కాశీఖండాన్ని తెలుగు చేశాక మన వాళ్లకు ఆ కథ పరాయిది కాదు. హొయసళుల శిల్పాల్లో భైరవుడి చేతిలో వేలాడే తలకాయ కిందికి నోరు చాపి ఎగిరే కుక్కను చూసినవాళ్లు అది భయంకరమైన రూపమని ఒప్పుకుంటారు. నేనూ ఒప్పుకుంటాను. అయితే భయం పుట్టించడం కాపలా పనిలో భాగమే. పీల్ కోట కుక్కకూ భైరవుడి కుక్కకూ చుట్టరికం ఉందని నేను అనను. మనిషి తలుపు మూసి నిద్రపోయే వేళ దేన్ని నమ్మి కాపలా పెట్టాలని రెండు దేశాలు ఆలోచించాయో, అక్కడికి రెండూ నల్లకుక్కనే పిలిచాయి. మనం దాన్ని గుడిలో దేవుడి పక్కన నిలిపి పూజ చేశాం. వాళ్ల మతం దానికి గుడిలో చోటివ్వలేదు, అందుకే అది గోడ బయట శ్మశానంలోనూ సందుల్లోనూ దెయ్యమై మిగిలిపోయింది.

ఇదంతా పావగడకు ఎలా చెందుతుందని అడిగేవాళ్లకు, మన తాలూకా వయసు శనిమహాత్మ గుడి కీర్తితో మొదలు కాలేదని గుర్తుచేయాలి. నిడుగల్లు కొండను శాసనాలు కాళాంజనమన్నాయి. అక్కడ ఏలినవాళ్లు కరికాలుడి వంశం మాది, ఒరెయూరు మాది అని చెప్పుకున్న చోళులు. ఇరుంగోళుడి కాలంలో, 1232లో, గాంగేయన మారెయ అక్కడ పార్శ్వనాథుడికి బసది కట్టించాడు. పొరుగునే, ఇప్పుడు ఆంధ్రలో ఉన్న హేమావతి ఒకప్పటి హెంజేరు, నొళంబుల రాజధాని. అక్కడి సిద్ధేశ్వరుడు లింగంగా కాక మనిషి రూపంలో కూర్చున్న శివుడు. ఇంత పాత శైవపు నేల మీద నల్లకుక్కను చూసి శని తప్ప ఇంకెవరూ గుర్తుకు రాకపోవడం మన మరుపు. ఆ మరుపుకు కారణమూ ఉంది. కన్నడంలో రాసేవాళ్లకు పావగడ తెలుగు మాట్లాడే మూల. తెలుగులో రాసేవాళ్లకు సరిహద్దు అవతలి కర్ణాటక. శాసనాలు సేకరించిన రైస్ 1904లో తుమకూరు జిల్లా శాసనాల్ని అచ్చువేసినప్పుడు మన రాళ్లకు దక్కిన శ్రద్ధ ఆ తర్వాత దక్కలేదు. గెజెటీర్లు పాము కొండ అని ఊరి పేరు చెప్పి ముందుకు సాగిపోయాయి. నాగలమడికె సుబ్రహ్మణ్యుడు ఉన్న తాలూకాలో పాముకు ఆ గౌరవం తగినదే. కానీ కుక్క గురించి ఒక్క ముక్క రాసినవాళ్లు లేరు. ఎవరూ రాయని చోటే పుకారు చేరుతుంది.

శనికీ నల్లకుక్కకూ సంబంధం పురాణమే కదా అని వాదించేవాళ్లున్నారు. మన వైపు శని విగ్రహానికి వాహనం కాకి. భైరవుడికి వాహనం కుక్క. శని పీడ ఉన్నవాళ్లు అష్టమి నాడు కాలభైరవుణ్ణి కొలవాలని, భైరవుడు శనికి గురువని పెద్దలు చెప్పే మాట ఉంది. కుక్క శని దగ్గరికి వచ్చింది ఆ దారినే. అంటే శని పేరుతో కుక్కకు రొట్టె పెట్టే భక్తుడు నిజానికి భైరవుడి గడప తొక్కుతున్నాడు. అది తెలిసి పెడితే కుక్క మీద భయం పోయి గౌరవం మిగులుతుంది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం వేదం నుంచి, భారతం నుంచి వస్తుంది. యముడికి రెండు కుక్కలు, శ్యామం, శబలం. నాలుగు కళ్లవి, పితృలోకపు దారి కాసేవి. నన్నయ భారతంలోనూ కథ అడుగుపెట్టగానే దేవతల కుక్క సరమ వస్తుంది. జనమేజయుడి తమ్ముళ్లు తన బిడ్డను అకారణంగా కొట్టారని, అనుకోని భయాలు వస్తాయని రాజును హెచ్చరించి పోతుంది. ఇవి దెయ్యపు కుక్కలు కావా? కావు. యముడి కుక్కలకు పేర్లున్నాయి, తల్లి ఉంది, పని ఉంది. అది దారి కాసే పనే. సరమ న్యాయం అడిగిన తల్లి. ఆమె మాటలో భయం ఉంది, ఆ భయం తప్పు చేసినవాడికి. ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్క ఎవరో తెలుగు పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఇక పల్లెల్లో అర్ధరాత్రి కుక్క ఏడిస్తే కీడని అనుకోవడం నిజమే. అక్కడ కూడా కుక్క దెయ్యాన్నో యమభటుల్నో చూసి ఏడుస్తుందని మన వాళ్ల నమ్మకం. మనకు కనబడనిది దానికి కనబడుతుంది. చూసి చెప్పే సాక్షినే నేరస్థుణ్ణి చేయడం ఇంగ్లండు కథ నేర్పిన పద్ధతి, మన అవ్వలు చెప్పిన పద్ధతి కాదు. మైలారలింగడి గొరవయ్యలు నల్ల కంబళి కప్పుకుని, దేవుడి కుక్కలమని మొరుగుతూ దోణెలో తిండి తినే ఆచారం ఎరిగిన కురుబ కుటుంబాలు మన తాలూకాలో ఎన్నో ఉన్నాయి. దేవుడి ముందు కుక్క కావడం వాళ్లకు మొక్కు.

ఈ నేల కుక్కను ఎలా తలచుకుందో చెప్పడానికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం పావగడది కాదు, మండ్య జిల్లా ఆతకూరుది. శక వర్షం 872, అంటే క్రీ.శ. 949-50. గంగ రాజు బూతుగుడి దగ్గర మణలేరుడు అనే వీరుడు ఉండేవాడు. తక్కోలం యుద్ధంలో చూపిన పరాక్రమానికి ఏం కావాలో కోరుకోమంటే, ఊళ్లూ బంగారమూ అడగకుండా కాళి అనే వేటకుక్కను అడిగాడు. ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో పోరాడింది, రెండూ చచ్చాయి. మణలేరుడు దానికి చల్లేశ్వర గుడి ముందు రాయి నిలబెట్టి, భూమి ఇచ్చి, ఆ రాతికి పూజ చేయకుండా భోంచేసే పూజారికి పాపం తగులుతుందని రాయించాడు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. హంపీ పుట్టుక కథలో కూడా, కుందేలు తిరగబడి వేటకుక్కల్ని కరిచిన చోటే నగరం వెలిసిందంటారు. ఓడిపోయినా ఆ కుక్కలే స్థలం మహిమకు సాక్షులు. వెయ్యేళ్ల కిందట కుక్కకు పూజ రాసిచ్చిన నేల మీద ఇప్పుడు దాన్ని చూసి ముఖం తిప్పుకోవడం నాకు మింగుడుపడదు.

పందివేటలో చనిపోయిన వీరుల రాళ్ల మీద కుక్క బొమ్మలు చెక్కడం కర్ణాటకలో చాలాచోట్ల కనిపిస్తుంది. అలాంటి రాళ్లు మన తాలూకాలోనూ ఉండవచ్చు, కానీ ఇక్కడ నేల రూపం వేగంగా మారుతోంది. తిరుమణి, వళ్లూరు, బళసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల్లో దాదాపు 13,000 ఎకరాలు సోలార్ పలకల కిందికి వెళ్లాయి. రోడ్లు వెడల్పవుతున్నాయి, పాత గుళ్లకు కొత్త సిమెంటు పడుతోంది. నిడుగల్లు చుట్టుపక్కల గానీ, హొసకోట వైపు గానీ, నాగలమడికె దారిలో గానీ మీ పొలం గట్టున కుక్క చెక్కిన రాయి ఉంటే దాన్ని కదిలించకండి, సున్నం పూయకండి, కొత్తగా శని పేరు పెట్టి నూనె పోయకండి. ఫోటో తీసి, సర్వే నంబరు రాసిపెట్టి, తాలూకా ఆఫీసు ద్వారా పురావస్తు శాఖకు తెలియజేయండి. ఆ రాయి గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే కథ ఉంటే, అది కూడా వాళ్ల మాటల్లోనే రాసిపెట్టండి.