తల్లిదండ్రులు వేర్వేరు రాష్ట్రాల్లో ఉంటే.. పిల్లల మనోవర్తి మార్పు ఎలా?

మట్టెవాడ: విడాకుల నాడు పిల్లల పోషణకు న్యాయస్థానం నిర్ణయించిన మొత్తం వారు పెద్దవారయ్యే వరకు మారకుండా ఉండవలసిన పనిలేదు. ఒకటో తరగతిలో ఖరారైన మనోవర్తి పదో తరగతి ఖర్చులకు చాలదు. తండ్రి పరరాష్ట్రానికి వెళ్లినంత మాత్రాన పెంపు కోరే హక్కు పోదు. 2014 జూన్‌ 2న తెలంగాణ ఏర్పడ్డాక వరంగల్‌ వాసులకు విజయవాడ, గుంటూరు సైతం పరరాష్ట్రమే అయ్యాయి.

చట్టం ఏమంటోంది?

గతంలో నేర విచారణ స్మృతిలోని 125 నుంచి 128 వరకు గల సెక్షన్లు మనోవర్తికి ఆధారంగా ఉండేవి. 2024 జులై 1 నుంచి వాటి స్థానంలో భారతీయ నాగరిక్‌ సురక్షా సంహితలోని 144 నుంచి 147 వరకు గల సెక్షన్లు అమలులోకి వచ్చాయి. పరిస్థితులు మారినట్లు రుజువైతే మొత్తాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు అని 146వ సెక్షన్‌ చెబుతోంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్‌ కింద విడాకుల అనంతరం కూడా పిల్లల పోషణ ఉత్తర్వులను సవరించవచ్చు.

తండ్రి ఉద్యోగం కోల్పోతే తగ్గింపు కోరవచ్చు. అంతేగాని తనంతట తానే చెల్లింపు నిలిపివేయరాదు. తల్లి పునర్వివాహం చేసుకున్నా బిడ్డ హక్కు రద్దు కాదు. ఇద్దరూ సంపాదనపరులైతే ఇద్దరికీ బాధ్యత ఉంటుంది. 2000లో పద్మజా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఈ భారాన్ని తండ్రికి రెండు వంతులు, తల్లికి ఒక వంతుగా పంచింది.

ఏ కోర్టుకు వెళ్లాలి?

సవరణ కోసం సాధారణంగా మొదట ఉత్తర్వు ఇచ్చిన కోర్టునే ఆశ్రయించాలి. రజనీష్‌ వర్సెస్‌ నేహా కేసులో 2020 నవంబర్‌ 4న సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఉత్తర్వు వరంగల్‌ కోర్టుదైతే తండ్రి చెన్నైలో ఉన్నా ఇక్కడే దరఖాస్తు చేయవచ్చు. నోటీసు అక్కడికి వెళుతుంది. ఉత్తర్వు చెన్నై కోర్టుదై, తల్లీబిడ్డలు మట్టెవాడకు తిరిగి వస్తే కేసు బదిలీకి సుప్రీంకోర్టును కోరవలసి ఉంటుంది. అసలు ఉత్తర్వే లేనివారు తాము నివసించే జిల్లాలోనే తొలి దరఖాస్తు దాఖలు చేయవచ్చు.

కావలసిన పత్రాలు

పాత ఉత్తర్వు ధ్రువీకృత నకలు, పాఠశాల ఫీజు రసీదులు, వైద్య ఖర్చుల బిల్లులు, బ్యాంకు ఖాతా వివరాలు సిద్ధం చేసుకోవాలి. ఆదాయం, ఆస్తులు, అప్పులు తెలిపే ప్రమాణపత్రాన్ని ఇరుపక్షాలూ సమర్పించాలని 2020 తీర్పు నిర్దేశించింది. నోటిమాట ఒప్పందాలతో మొత్తం మార్చుకుంటే కోర్టులో నిలవడం కష్టం. ఉభయులూ అంగీకరించినా సవరణను ఉత్తర్వుగా పొందడమే మేలు.

బకాయిలకు ఏడాది గడువు

చెల్లించవలసిన వ్యక్తి ఏ రాష్ట్రంలో ఉన్నా, అక్కడి మేజిస్ట్రేటు ద్వారా ఉత్తర్వును అమలు చేయించుకునే వీలును 147వ సెక్షన్‌ కల్పిస్తోంది. అయితే బకాయి పడిన నాటి నుంచి ఏడాదిలోగా దరఖాస్తు చేయకుంటే ఆ మొత్తానికి ఈ సెక్షన్ల కింద వారంటు జారీ కాదు. తగిన కారణం లేకుండా ఎగవేస్తే ప్రతి నెల బకాయికి నెల రోజుల వరకు జైలు శిక్ష విధించవచ్చు.

ఉచిత న్యాయ సహాయం

1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌ ప్రకారం మహిళలు, పిల్లలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. ఇందుకు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి. 15100 నంబరుకు ఫోను చేసి కూడా సలహా పొందవచ్చు.