కంచంలో మిగిలిన మెతుకు

ఈమధ్య ఒంగోలు దగ్గర ఒక పల్లెలో ఒక విశ్వాసి ఇంట భోజనానికి కూర్చున్నాను. పదిహేనేళ్ళ మనుమడు ఫోను చూస్తూనే నాలుగు ముద్దలు తిని, మిగిలిన అన్నంలోనే చెయ్యి కడిగేశాడు. డెబ్బై ఏళ్ళ నాయనమ్మ ముఖం చిన్నబోయింది. "మెతుకు పారెయ్యకూడదు నాయనా" అన్నది. "అన్నమేగా నాయనమ్మా!" అంటూ వాడు లేచిపోయాడు.

తప్పెవరిది? తీర్పు చెప్పకముందు ఆ కంచం వెనుకనున్న చరిత్రను కొంచెం చూద్దాం.

1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. లక్షలమంది చనిపోయారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులకు వచ్చిన మగవాని కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి, పైన ఒక అణాకు తగ్గించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఆ తిండితో మనిషి మట్టి మోయలేడని డాక్టర్ కార్నిష్ వాదించవలసి వచ్చింది. ఆ రోజుల్లోనే ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకం పని గుత్తకు తీసుకొని, ఆకలితో వచ్చిన పేదలకు కూలి ఇప్పించాడు.

ఆ కరువును చూసినవారు ఇప్పుడెవరూ లేరు. అయితే వారి చేతిముద్ద తిని పెరిగినవారే మన అవ్వలను పెంచారు. మెతుకును గూర్చిన భయం అలా ఇంటినుండి ఇంటికి వచ్చింది.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా డెల్టా వరిపొలాలతో నిండింది. మెట్ట పల్లెల్లో మాత్రం జొన్న, సజ్జ, కొర్రలే ఆధారం. అక్కడి పేద ఇళ్ళలో వరన్నం పండుగనాటి మాట. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చిన తరువాత అది రోజువారీ కూడు అయింది. ఆ నాయనమ్మకు అప్పటికి దాదాపు ముప్పై ఏళ్ళు. మనుమడు పుట్టేటప్పటికి కుండలో అన్నం ఎప్పుడూ ఉండేదే. ఒకప్పుడు పేదల కూడైన కొర్రలకు 2023లో ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం జరిపింది. ఇప్పుడవి పట్నంలో ప్యాకెట్లలో, బియ్యంకంటె ఎక్కువ ధరకు అమ్ముడవుతున్నాయి!

అట్లని పాతకాలపు భోజనమంతా మంచిదని నేను చెప్పను. "మీరు కోడలుగా వచ్చినప్పుడు అందరూ కలిసి తినేవారా?" అని ఆ తల్లిని అడిగాను. ఆమె నవ్వింది. "ఎక్కడిది అయ్యగారూ! ముందు మగవాళ్ళు, తరువాత పిల్లలు. కుండ అడుగున ఏముంటే అది నాకు. ఒక్కోరోజు గంజే" అన్నది.

గుమ్మం దగ్గర నిలబడిన మనుమడు ఫోను దించాడు. ఆ మాట వాడు అంతవరకు వినలేదు. మెతుకు పారెయ్యొద్దని వందసార్లు విన్నాడు గాని, ఎందుకో ఎవరూ చెప్పలేదు.

ప్రియ చదువరీ, మీ ఇంట్లో ఎవరైనా చెప్పారా? పెద్దలారా, గద్దింపుకు బదులు మీ కథ చెప్పండి. పిల్లలారా, ఈ రాత్రి ఫోను ప్రక్కన పెట్టి, "నా వయసులో నువ్వేం తిన్నావు?" అని అడగండి. అడిగేముందు, వడ్డిస్తున్న అమ్మను కూడా కూర్చోబెట్టి ఆమెకు ఒక కంచం పెట్టండి.