ఇల్లందు ప్రాంతమున ప్రసవస్థాన నిర్ణయము

ప్రసవస్థానమును గూర్చిన విచారము మన వైద్యశాస్త్రమునకు క్రొత్తది కాదు. తొమ్మిదవ మాసమునకు పూర్వమే సూతికాగారమును నిర్మింపవలయుననియు, దాని ద్వారము తూర్పుననో యుత్తరముననో యుండవలయుననియు చరకసంహిత శారీరస్థానమున విధింపబడినది. సుశ్రుతసంహిత దానికి ఎనిమిది హస్తముల పొడవును నాలుగు హస్తముల వెడల్పును చెప్పినది. గృహలక్షణము లిట్లు నిర్ణీతములైనను, లోకమున ప్రసవస్థానమును నిర్ణయించుచు వచ్చినవి వేరు: అచ్చటికి పోవు త్రోవ, తోడుపోవు మనుష్యులు, అందుకగు వ్యయము. ఇల్లందు ప్రాంతచరిత్ర యిందుకు నిదర్శనము.

తొలికాన్పు పుట్టింట జరుగుట తెలుగువారి యాచారము. దీనిని కేవలము సంప్రదాయముగా నెంచుట చాలదు. కన్నతల్లి పరిచర్య, అత్తవారింటి పనినుండి విశ్రాంతి, ఎరిగిన మంత్రసాని తోడు, పురిటివ్యయమును తండ్రి భరించుట అను ప్రయోజనము లీ యాచారమున నిమిడియున్నవి.

1871లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగు ఈ ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులను పొందగా, 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీసు కంపెనీ యేర్పడెను. డోర్నకల్లునుండి రైలుమార్గము ఇల్లందునకు వచ్చెను. దూరప్రాంతములనుండి కూలికి వచ్చిన కుటుంబములకు పుట్టిల్లు దూరమయ్యెను; పని మానిన దినమున కూలి లేనివారికి ప్రయాణము మరింత భారమయ్యెను. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము గనులలో పనిచేయు స్త్రీలకు వేతనముతో కూడిన సెలవును హక్కుగా చేసెను.

రైలు పట్టణమునకు వచ్చినను అడవిలోని కోయగూడెములకు బాట పడలేదు. గుండాల వైపు వానకాలమున కిన్నెరసానియు నితర వాగులును పొంగినచో రాకపోకలు నిలిచిపోవును. నొప్పులు పడు స్త్రీని డోలీలో మోసికొని వాగు దాటింపవలసిన గూడెమున, ఇంటికాన్పును అజ్ఞానమనుట న్యాయము కాదు. 1994లో థాడియసు, మెయిను అను పరిశోధకులు తల్లుల మరణములకు మూడు జాప్యములను కారణములుగా వివరించిరి: వైద్యమునకు పోవ నిశ్చయించుటలో, వైద్యశాలను చేరుటలో, చేరినపిదప తగిన చికిత్స పొందుటలో. వీనిలో రెండవది మొదటిదానిని గూడ శాసించును. చేరలేమని తెలిసినవారు బయలుదేరుటకే సంశయింతురు.

2005లో జననీ సురక్షా యోజనయు, 108 వాహనసేవయు మొదలయ్యెను. 2017లో తెలంగాణ ప్రభుత్వము ప్రభుత్వ వైద్యశాలలో ప్రసవించిన తల్లికి మగశిశువైన 12,000, ఆడశిశువైన 13,000 రూపాయల నిచ్చు పథకమును ప్రారంభించెను. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి రాష్ట్రమున నూటికి 97 ప్రసవములు వైద్యశాలలలో జరిగినవి. త్రోవయు ధనమును సమకూరిన కొలది, అనాదియని తోచిన యాచారము ఒక తరములోనే మారినది. అయినను రాష్ట్రపు సగటు వాగుకు ఆవలి గూడెపు స్థితిని తెలుపజాలదు.

అదే సర్వే మరియొక విషయమును చూపుచున్నది. రాష్ట్రమున నూటికి 60.7 కాన్పులు శస్త్రచికిత్సచే జరిగినవి. ప్రభుత్వ వైద్యశాలలలో 44.5, ప్రైవేటు వైద్యశాలలలో 81.5. మొదటి రెండు జాప్యములు తగ్గినచోట, మూడవదాని స్థానమున అతిచికిత్స యను శంక పుట్టినది. ప్రసవము స్త్రీకి పునర్జన్మమని లోకోక్తి. ఆ జన్మము ఎచ్చట జరుగవలయునో పూర్వము వాగు నిర్ణయించెను, కూలి నిర్ణయించెను. అది యెట్లు జరుగవలయునో చెప్పు విషయమున తల్లి మాటకు స్థానము లభించినగాని యీ చరిత్ర పూర్తికాదు.