నవ్వును దాచుకున్నవాడు

నవ్వు నాలుగందాల చేటన్నారు మన పెద్దలు. అన్నారే గానీ, నాటకంలో హాస్యగాడు ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసిందీ వాళ్ళే! అమెరికా వచ్చిన కొత్తలో ఇక్కడి హాస్యం నాకు ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. ఆఫీసులో లంచ్ వేళ పెద్దవయసు సహోద్యోగులు పాత టీవీ కార్యక్రమాలను తలుచుకుని పగలబడి నవ్వుతుంటే, నేనూ మర్యాదకి ఓ నవ్వు నవ్వేవాణ్ణి. ఆ కబుర్లలో తరచు వినిపించిన పేరు 'ఐ లవ్ లూసీ'. చూద్దును గదా, చాక్లెట్ల ఫ్యాక్టరీలో బెల్టు మీద పరుగెత్తుకొచ్చే చాక్లెట్లకు కాగితం చుట్టలేక లూసీ నోట్లో కుక్కుకుంటోంది. రేలంగి, రమణారెడ్డి గార్ల సినిమాలు చూసి పెరిగినవాడికి దీనికి వేరే భాష్యం కావాలా?

నవ్వు ఆగాక నాలోని ఇంజనీరుకి ఒక సందేహం వచ్చింది. అంత పాత టీవీ బొమ్మ ఇంత స్పష్టంగా ఎలా ఉంది? ఆ కథ లాగితే మనలాంటి ఒక వలసదారు దగ్గర తేలింది.

లూసీ భర్త డెజీ ఆర్నాజ్ క్యూబా దేశస్థుడు. ఆయన పేరు ఇంగ్లీషులో రాస్తే అచ్చం మన 'దేసీ' లాగే ఉంటుంది! తండ్రి శాంటియాగో నగరానికి మేయరు. 1933 విప్లవంలో ఆస్తులన్నీ పోయి, కుటుంబం మయామీ చేరింది. డెజీ సంగీతాన్ని నమ్ముకుని పైకొచ్చి, 1940లో లూసీల్ బాల్‌ను పెళ్ళి చేసుకున్నాడు. పదేళ్ళ తర్వాత సీబీయస్ వారు ఆమెతో టీవీ కార్యక్రమం తలపెట్టినప్పుడు, భర్త పాత్రకి డెజీ పనికిరాడన్నారు. అమెరికన్ అమ్మాయికి యాసతో మాట్లాడే క్యూబన్ మొగుడంటే జనం నమ్మరట! అప్పటికి నిజంగానే వాళ్ళు పదేళ్ళుగా కాపురం చేస్తున్నారు. వాదించి లాభం లేదని 1950లో ఇద్దరూ ఊరూరా తిరిగి రంగస్థలం మీద నవ్వించి చూపించారు. జనం నమ్మారు. యాసతో సహా.

రెండో చిక్కు సాంకేతికమైనది. అప్పట్లో చాలా కార్యక్రమాలు న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా ప్రసారమయ్యేవి. దూరప్రాంతాలకు, టీవీ తెర ముందు కెమెరా పెట్టి తీసిన 'కినిస్కోప్' నకళ్ళు పంపేవారు. అవి మసకమసకగా ఉండేవి. ఖర్చు భరించే సిగరెట్ కంపెనీ న్యూయార్క్ రమ్మంది. దంపతులు కాలిఫోర్నియా వదలమన్నారు. మధ్యేమార్గంగా, సినిమాలాగే 35 ఎం.ఎం. ఫిల్ము మీద తీద్దామన్నారు. ఖర్చు పెరుగుతుంది కాబట్టి తమ జీతం తగ్గించుకున్నారు. బదులుగా ఆ ఫిల్ములపై హక్కు తమ సంస్థ 'దేశీలూ'కి ఉండాలని డెజీ అడిగాడు. ఒకసారి చూసిన కార్యక్రమాన్ని మళ్ళీ ఎవరు చూస్తారనుకున్నారో ఏమో, సీబీయస్ వారు సరేనన్నారు.

ఛాయాగ్రహణం కార్ల్ ఫ్రాయిండ్. జర్మనీలో 'మెట్రోపోలిస్' (1927) తీసిన ఘనుడు. ఆయనా వలసవచ్చినవాడే. ఎదుట ప్రేక్షకులు కూర్చుని నవ్వుతుంటే, మూడు కెమెరాలు ఒకేసారి తిరిగేలా దీపాలన్నీ పైన అమర్చాడు. 1951 అక్టోబరు 15న ప్రసారం మొదలైంది. తర్వాతి సంగతి తెలిసిందే. పునఃప్రసారాలకు ఎంత గిరాకీ ఉందో తేలాక సీబీయస్ వారే లక్షల డాలర్లు పోసి ఆ హక్కులు తిరిగి కొనుక్కున్నారు. ఒకప్పుడు తాము నటులుగా పనిచేసిన ఆర్కేవో స్టూడియోలనే 1957లో దంపతులు కొనేశారు.

దాచుకోని వాళ్ళ గతేమిటి? 1946లో మొదలై 1956లో మూతబడ్డ డూమాంట్ నెట్‌వర్క్ ఫిల్ములను 1970లలో లారీలకెత్తి న్యూయార్క్ అఖాతంలో పారబోశారని నటి ఈడీ ఆడమ్స్ 1996లో వాంగ్మూలమిచ్చారు. మన సంగతి చూద్దాం. రఘుపతి వెంకయ్య గారు, వారి కుమారుడు ప్రకాశ్ గారు 1920లలో మద్రాసులో తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' ఈనాడు మనకు చూసే భాగ్యం లేదు. 1957 మార్చిలో విడుదలైన 'మాయాబజార్' మిగిలింది గనకనే 2010లో రంగులద్దుకుని మళ్ళీ థియేటర్లకొచ్చింది. లక్ష్మణకుమారుడి వేషంలో రేలంగి గారిని చూసి మా పిల్లలు కూడా పడీపడీ నవ్వారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన సంఘం పండుగలలో వేసిన నాటికలు, ప్రహసనాలు వీడియో టేపుల మీద ఎన్నో ఇళ్ళ బేస్‌మెంట్లలో ఉన్నాయి. ఆఫీసు నుంచి అలసి వచ్చి, వారాంతాల్లో రిహార్సళ్ళు చేసి వేసినవవి. టేపు మీది అయస్కాంతపు పూత ఏటేటా క్షీణిస్తుంది. వీసీఆర్ల తయారీ 2016లోనే ఆగిపోయింది. అంతకంటే ముఖ్యం, ఆ వేషాల వెనక ఉన్నదెవరో గుర్తుపట్టగల పెద్దలు తగ్గిపోతున్నారు.

పనిచేసే ప్లేయరొకటి నా దగ్గరుంది. కంప్యూటరులోకి ఎక్కించే పని నేను చూసుకుంటాను. మీ టేపుల మీద ఏ సంవత్సరమో, ఏ నాటికో, ఎవరెవరు వేశారో రాసి తెచ్చివ్వండి. పేర్లు గుర్తురాకపోతే మీ ఇంట్లో పెద్దవాళ్ళనడగండి. ఆ పని మాత్రం వాయిదా వేయకండి.